గాలిలో కబుర్లు... గండంలో కబురు

తుపానో భూకంపమో వచ్చినప్పుడు హామ్ రేడియో వాళ్ళ పేరు పత్రికల్లో కనిపిస్తుంది. నాలుగు రోజులు మెచ్చుకుంటాం, మర్చిపోతాం. మరి ఏ ఉపద్రవమూ లేని మామూలు నెలల్లో వీళ్ళు ఏం చేస్తుంటారు? నెలకోసారి ఎందుకు కలుస్తారు? వందేళ్ళు దాటిన ఈ క్లబ్బుల కథ ఇది.

మద్రాసులో రేడియోకు నోరొచ్చింది సర్కారు ఉత్తర్వుతో కాదు. చందాలు వేసుకున్న కొందరు సరదాపరుల వల్ల. 1924 మే 16న సి.వి. కృష్ణస్వామి చెట్టి పూనికతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది. మూడు నెలలైనా తిరక్కుండా జులై 31న ఆ క్లబ్ ప్రసారాలు మొదలయ్యాయి. మొదట వాళ్ళ చేతిలో ఉన్నది 40 వాట్ల ట్రాన్స్‌మిటర్, తర్వాత 200 వాట్లది సమకూర్చుకున్నారు. పాటలు, ప్రసంగాలు వినిపించారు. ఆలిండియా రేడియో అన్న పేరు పుట్టడానికి అప్పటికింకా పన్నెండేళ్ళ వ్యవధి ఉంది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే కాబట్టి తెలుగువాళ్ళ రేడియో చరిత్రకు కూడా తొలి పుట ఈ క్లబ్బుదే.

మూడేళ్ళు నడిపేసరికి డబ్బు కటకటలాడింది. 1927లో క్లబ్ చేతులెత్తేసి, ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించింది. దాంతోనే కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1 నుంచి సాయంత్రాలు కార్యక్రమాలు వినిపించింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చేదాకా నగరానికి అదే దిక్కు. ఇటు నిజాం రాజ్యంలో 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల దక్కన్ రేడియో గొంతు విప్పింది. విజయవాడ కేంద్రం రావడానికి 1948 డిసెంబర్ 1 దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రసారాలు ప్రభుత్వాల చేతికి వెళ్ళాక రేడియో క్లబ్బుల పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. అవలేదు. ఒకరు చెబుతుంటే ఊరంతా వినే రేడియో ఒకటి, ఇద్దరు ఎదురెదురుగా మాట్లాడుకునే రేడియో మరొకటి. ఈ రెండోదాన్ని పట్టుకుని వదలని వాళ్ళే హామ్‌లు. పరీక్ష రాసి, లైసెన్సు తీసుకుని, సొంత కాల్‌సైన్‌తో (గాలిలో మనిషిని గుర్తుపట్టే అక్షరాలు, అంకెల పేరు), లాభాపేక్ష లేకుండా గాలిలో పలకరించుకునే అమెచ్యూర్లు. జీతం లేదు, అమ్మకం లేదు, ప్రకటనలు లేవు. అయినా నూరేళ్ళకు పైగా ఈ సరదా చావకుండా ఉందంటే అందుకు కారణం యంత్రాలు కాదు, క్లబ్బులు.

కుర్రాళ్ళు పెట్టిన సంఘం

1909 జనవరి 2న న్యూయార్క్‌లోని ఆన్సోనియా హోటల్లో కొందరు పిల్లలు చేరి జూనియర్ వైర్‌లెస్ క్లబ్ పెట్టుకున్నారు. దాని అధ్యక్షుడు డబ్ల్యూ.ఇ.డి. స్టోక్స్ జూనియర్ పదమూడేళ్ళ లోపు కుర్రాడు. మరుసటేడు అమెచ్యూర్ల నోరు నొక్కే బిల్లొకటి అమెరికా సెనేట్ ముందుకు వస్తే ఈ పిల్లలే వెళ్ళి కమిటీ ఎదుట వాదించారు. 1911లో ఆ సంఘం పేరు రేడియో క్లబ్ ఆఫ్ అమెరికాగా మారింది. ఆ పేరుతోనే ఇప్పటికీ ఉంది.

టైటానిక్ మునిగిన 1912లోనే అమెరికా కొత్త రేడియో చట్టం తెచ్చింది. దూరాలకు పనికొస్తాయనుకున్న పొడవాటి తరంగాలన్నీ నౌకలకు, సైన్యానికి, కంపెనీలకు ఇచ్చేసి, అమెచ్యూర్లను 200 మీటర్లు, అంతకన్నా పొట్టి తరంగాల్లోకి తోసేసింది. ఆ తరంగాలు దూరం పోవని అప్పటి పండితుల నమ్మకం. ఈ పిల్లగాళ్ళు ఆ మూల ఆడుకుంటూ వాళ్ళే విసిగిపోతారని లెక్క వేశారు.

లెక్క తప్పింది. కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే ఇంజినీరు ఉండేవాడు. మెషిన్‌గన్ కనిపెట్టిన మాక్సిమ్ కొడుకు. తుపాకీ చప్పుడు వినబడకుండా చేసే సైలెన్సర్ ఈయనదే. 1914లో ఆయనకు ఓ చిన్న చిక్కు వచ్చింది. ముప్ఫై మైళ్ళ అవతలున్న స్ప్రింగ్‌ఫీల్డ్‌కు కబురు పంపాలి, తన సిగ్నల్ అంతదూరం అందడం లేదు. మధ్యలో విండ్సర్ లాక్స్‌లో మరో అమెచ్యూర్ ఉన్నాడు. అతనికి చెబితే అతను అవతలికి అందించాడు. ఇలా ఒకరి నుంచి ఒకరికి అందించుకుంటూ పోతే దేశం ఈ చివర నుంచి ఆ చివరకు కబురు పంపొచ్చు కదా అని మాక్సిమ్‌కు తట్టింది. ఏప్రిల్‌లో జరిగిన హార్ట్‌ఫర్డ్ రేడియో క్లబ్ సమావేశంలో ఆ మాట పెట్టాడు. సభ్యులు సరేనన్నారు. అమెరికన్ రేడియో రిలే లీగ్ అలా ఒక క్లబ్బు మీటింగులో పుట్టింది. 1915 డిసెంబర్‌లో మొదలైన దాని పత్రిక క్యూఎస్‌టీ ఇప్పటికీ వెలువడుతోంది.

1921 డిసెంబర్‌లో రేడియో క్లబ్ ఆఫ్ అమెరికా సభ్యులు కనెక్టికట్‌లోని గ్రీన్‌విచ్‌లో 1బీసీజీ అనే స్టేషన్ కట్టారు. రిలే లీగ్ పంపగా పాల్ గాడ్లీ అనే అమెచ్యూర్ ఓడెక్కి స్కాట్లాండ్ వెళ్ళి, ఆర్డ్రోసన్ తీరాన డేరా వేసుకుని, రిసీవర్‌కు చెవి ఒగ్గి కూర్చున్నాడు. అట్లాంటిక్ దాటి వచ్చిన అమెచ్యూర్ సందేశాన్ని పట్టుకున్నాడు. రెండేళ్ళకు, 1923 నవంబర్‌లో, ఫ్రాన్స్‌లోని నీస్ నుంచి లియాన్ డెలాయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ సుమారు 110 మీటర్ల మీద ఎదురెదురుగా మాట్లాడుకున్నారు. పనికిరావన్న తరంగాలు భూగోళాన్ని చుట్టగలవని తేలిపోయింది. ఆ వెంటనే కంపెనీలు, ప్రభుత్వాలు షార్ట్‌వేవ్ మీదకు ఎగబడ్డాయి.

1బీసీజీ కట్టినవాళ్ళలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఒకడు. మన ఎఫ్ఎం రేడియోకు మూలపురుషుడు ఆయనే. 1935లో ఇంజినీర్ల సభలో ఎఫ్ఎం సత్తా చూపించాల్సి వస్తే, ప్రసారం ఏదో పెద్ద కంపెనీ స్టేషన్ నుంచి జరగలేదు. యాంకర్స్‌లో ఉన్న పాత క్లబ్ మిత్రుడు రన్యన్ ఇంట్లోని అమెచ్యూర్ స్టేషన్ నుంచి జరిగింది. అప్పటికే 1925 ఏప్రిల్ 18న పారిస్‌లో దేశదేశాల అమెచ్యూర్లు కలిసి అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నారు. ఏటా ఆ తేదీనే ప్రపంచ అమెచ్యూర్ రేడియో దినంగా జరుపుకుంటారు.

మన గడ్డ మీద

మనదేశంలో తొలి హామ్‌లుగా అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్‌ల పేర్లు చెబుతారు. అది 1921 నాటి మాట. 1929 నుంచి భారతీయ కాల్‌సైన్లు వీయూ అనే అక్షరాలతో మొదలవుతున్నాయి. 1930ల నడుమకు కూడా దేశం మొత్తంలో లైసెన్సులున్నవాళ్ళు యాభైమంది లోపే.

1939లో యుద్ధం రాగానే బ్రిటిష్ ప్రభుత్వం కొత్త లైసెన్సులు ఆపేసింది, ఉన్నవాళ్ళ ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమంది. అయితే 1942లో క్విట్ ఇండియా ఉద్యమానికి గొంతైన కాంగ్రెస్ రేడియో వెనక ఉన్నది కూడా ఒక హామ్ చేతి పనే. ఉషా మెహతా బృందం బొంబాయిలో చోట్లు మారుస్తూ నడిపిన ఆ రహస్య కేంద్రానికి యంత్రం అమర్చడంలో నారిమన్ ప్రింటర్ అనే అమెచ్యూర్ సాయం ఉంది. నవంబర్ 12న పోలీసులు దాడిచేసి పట్టుకున్నారు. యంత్రం కట్టిన ప్రింటరే చివరకు పోలీసుల పక్షాన సాక్షి అయ్యాడు. హామ్‌ల చరిత్రలో వీరగాథ, వెన్నుపోటు ఒకే కథలో ఉన్నాయన్నమాట.

స్వాతంత్ర్యం వచ్చాక, 1948 మే 15న, మౌలోని సైనిక సిగ్నల్స్ స్కూల్లో అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. 1954 మే 15 నుంచి అదే అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. అప్పటి హామ్‌ల సంపదంతా సైన్యం వదిలించుకున్న పాత సామానే. వాల్వు రేడియోలు, బరువైన ట్రాన్స్‌ఫార్మర్లు, గుర్తు చెరిగిపోయిన క్రిస్టళ్ళు. విదేశీ సెట్ కొనాలంటే దిగుమతి సుంకం దడ పుట్టించేది. 1980 నాటికి కూడా దేశంలో హామ్‌లు 1,500 మందే. 1984లో రాజీవ్ గాంధీ ప్రభుత్వం ఆ సుంకం ఎత్తేశాక సంఖ్య పెరిగింది. 2000 నాటికి పదివేలకు చేరింది. రాజీవ్‌ది స్వయంగా వీయూ2ఆర్‌జీ అనే కాల్‌సైన్.

ఆ మార్పుకు కాస్త ముందే, 1983లో, హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వెలిసింది. ఎస్. సూరి (వీయూ2ఎంవై) స్థాపించిన ఈ సంస్థ రాజ్‌భవన్ రోడ్డు నుంచి పనిచేస్తూ ఎందరికో మోర్స్ చుక్కలు, గీతలు నేర్పింది, పరీక్షలకు తయారుచేసింది. హామ్ అంటే మిలిటరీ వాళ్ళో ఇంజినీర్లో అనుకునే రోజుల్లో కాలేజీ పిల్లలకు, గృహిణులకు దారి చూపింది.

నెలకో ఆదివారం

ఏ దేశంలోనైనా రేడియో క్లబ్బు నెలవారీ సమావేశం ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఓ ఆదివారం పొద్దున ఎవరిదో హాలు, కాలేజీ గది, లేదా ఏ చెట్టు నీడో. వచ్చినవాళ్ళు ముందు కాల్‌సైన్ చెబుతారు, తర్వాత పేరు. ఏళ్ళ తరబడి గొంతు మాత్రమే తెలిసిన ఇద్దరు మొదటిసారి ఎదురుపడటం ఇక్కడే. దీన్ని హామ్‌లు ఐబాల్ అంటారు. గాలిలో గంభీరంగా వినిపించే మనిషి బక్కపలచటి రిటైర్డ్ టీచరనీ, చిన్నపిల్లాడనుకున్న గొంతు ఓ బ్యాంకు మేనేజరుదనీ బయటపడి నవ్వులు పూస్తాయి.

తర్వాత ఎవరో ఒకరు మాట్లాడతారు. కొత్తగా కట్టిన యాంటెన్నా, బ్యాటరీ మీద రిగ్ (రేడియో సెట్) నడపడం, పిడుగుల నుంచి కాపాడుకోవడం, ఇలాంటివే విషయాలు. ఇంకో బల్ల మీద ఇంట్లో కట్టిన సెట్లు పరుస్తారు. వీటిని హోమ్‌బ్రూ అంటారు. బిస్కెట్ల డబ్బాలో ఇమిడిన ట్రాన్స్‌మిటర్‌కు కూడా ఇక్కడ గౌరవం ఎక్కువే. సోల్డరింగ్ సరిగ్గా అతికిందా లేదా అని పెద్దవాళ్ళు కళ్ళద్దాలు సర్దుకుని చూస్తారు. పాత సామాను చేతులు మారుతుంది. ఒకరు ఇరవై మీటర్ల కేబుల్ తెస్తే, ఇంకొకరు పవర్ సప్లై తెస్తారు.

కొత్తగా లైసెన్సు వచ్చిన కుర్రాడి ఇంటి డాబా మీద యాంటెన్నా కట్టడానికి తేదీ కుదుర్చుకునేది కూడా ఈ సమావేశంలోనే. 7 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడాలంటే మామూలు డైపోల్‌కు సుమారు ఇరవై మీటర్ల తీగ కావాలి. చెరో పది మీటర్లు రెండువైపులా లాగి కట్టాలి. ఒక్కడి వల్ల కాదు. ఒకరు పక్కింటి వాళ్ళను ఒప్పించాలి, ఒకరు తాడుకు రాయి కట్టి కొబ్బరిచెట్టు మీంచి విసరాలి, ఒకరు కింద మీటరు చూస్తూ తీగను జానెడు జానెడుగా కత్తిరించమని చెప్పాలి. భోజనం ఆ ఇంటివాళ్ళదే. క్లబ్బులో సభ్యత్వం రసీదుతో మొదలైనా, మనిషి కలిసేది ఇలాంటి డాబాల మీదే.

క్యూఎస్ఎల్ కార్డుల సంచీ విప్పడం మరో ముచ్చట. ఒక దేశం వాళ్ళతో మాట్లాడాక, మాట్లాడామని రుజువుగా పోస్టుకార్డు పంపుకోవడం హామ్‌ల ఆనవాయితీ. తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, సిగ్నల్ ఎంత బలంగా అందిందో రాసి, చివర 73 అని పెడతారు, శుభాకాంక్షలని దాని భావం. విడివిడిగా పంపితే ఖర్చు కాబట్టి ఒక్కో దేశంలో ఉండే బ్యూరోకు కట్టలుగా వెళ్ళి, అక్కడి నుంచి పంచుతారు. నిన్న మాట్లాడిన జపాన్ మిత్రుడి కార్డు రెండేళ్ళకు చేతికొచ్చినా ఎవరూ విసుక్కోరు.

నక్క వేట

క్లబ్బు ఆటల్లో రాజు ఫాక్స్ హంట్. ఊరి శివార్లలో ఎవరో ఒకరు చిన్న ట్రాన్స్‌మిటర్‌ను పొదలోనో, పాడుబడ్డ గోడ వెనకో దాస్తారు. అది నిమిషానికో రెండు నిమిషాలకో కాసేపు కూస్తుంది. అదే నక్క. మిగతావాళ్ళు దిక్కు చూపే యాంటెన్నాలు పట్టుకుని దాన్ని వెతకాలి. ఆ యాంటెన్నా చేసుకోవడం కూడా తమాషాగా ఉంటుంది. పీవీసీ పైపు ముక్కకు, వడ్రంగులు వాడే స్టీలు కొలత టేపును ముక్కలు చేసి అడ్డంగా బిగిస్తే మూడు కడ్డీల యాగీ యాంటెన్నా తయారు. ముళ్ళకంపలో దూరినా టేపు వంగి మళ్ళీ నిటారుగా నిలబడుతుంది.

దూరంగా ఉన్నంతసేపు సులువే. యాంటెన్నాను చుట్టూ తిప్పి, గట్టిగా వినిపించే దిక్కుకు గీత గీస్తారు. కిలోమీటరు జరిగి మళ్ళీ ఇంకో గీత. రెండు గీతలు కలిసేచోట నక్క ఉండాలి. చిక్కంతా దగ్గరికొచ్చాక మొదలవుతుంది. సిగ్నల్ ఎంత బలంగా ఉంటుందంటే ఏ వైపు తిప్పినా ఒకేలా వినిపిస్తుంది. ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకు నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని వెంట పడి పోయినవాళ్ళు పోతారు. అనుభవం ఉన్నవాళ్ళు ఇక యాంటెన్నా విప్పేసి, సెట్‌ను గుండెకు ఆనించుకుని, నిలుచున్నచోటే మెల్లగా గుండ్రంగా తిరుగుతారు. ఒళ్ళు అడ్డమొచ్చి సిగ్నల్ తగ్గిన క్షణాన నక్క వీపు వైపు ఉందని అర్థం. వెనక్కి తిరిగి నడుస్తారు. చివరికి నక్క దొరికేది ఎవరికైనా, ఎండలో తిరిగిన అందరికీ మజ్జిగ మాత్రం ఖాయం.

ఇది పిల్లల ఆటలాగే ఉంటుంది. కానీ ప్రమాదంలో చిక్కిన విమానం నుంచి వచ్చే అత్యవసర సిగ్నల్‌ను వెతికే విద్య ఇదే. అలాగే ఫీల్డ్ డే. 1933లో అమెరికాలో మొదలైన ఈ ఆనవాయితీ ప్రకారం ఏటా జూన్‌లో క్లబ్బులు ఊరు వదిలి మైదానంలో డేరాలు వేసి, జనరేటర్లు, బ్యాటరీలతో ఇరవై నాలుగు గంటలపాటు వీలైనంతమందితో మాట్లాడతాయి. పక్కనే వంటలు, పిల్లల ఆటలు. పేరుకు పిక్నిక్. కరెంటు, టవర్లు, నెట్‌వర్కు ఏమీ లేనిచోట రెండు గంటల్లో ఒక స్టేషన్‌ను నిలబెట్టే సాధన.

రోజువారీ కలయిక మాత్రం గాలిలోనే. దాన్ని నెట్ అంటారు. హైదరాబాద్ వాళ్ళ చార్మినార్ నెట్ దేశమంతా హామ్‌లకు తెలుసు. ఒకరు నెట్ కంట్రోల్‌గా కూర్చుంటారు. ఒక్కొక్కరూ కాల్‌సైన్ చెప్పి హాజరు వేయించుకుంటారు. మా ఊళ్ళో వాన పడుతోంది, మీ సిగ్నల్ బాగుంది, నిన్న రిగ్ మొరాయించింది, ఇవే మాటలు. రాజకీయం, మతం, వ్యాపారం ఎత్తకూడదు. ఒకరు ముగించాక రెండోవారు వెంటనే అందుకోరు, ఒకట్రెండు క్షణాలు ఖాళీ వదులుతారు. ఎక్కడో ఎవరికైనా ఆపద ఉంటే ఆ సందులో 'బ్రేక్' అని గొంతు వినిపించడానికి. అలా వినిపిస్తే మిగతా మాటలన్నీ ఆగిపోవాలి. నూటికి తొంభై తొమ్మిది రోజులు ఆ సందులో ఎవరూ రారు. అయినా వదులుతూనే ఉంటారు.

హైదరాబాద్ బల్ల మీద

ఈ క్లబ్బు సంస్కృతికి మన ఊళ్ళో చక్కటి రుజువు ఒకటుంది. హైదరాబాద్ హామ్ అష్హర్ ఫర్హాన్ (వీయూ2ఈఎస్ఈ) బిట్ఎక్స్ అనే ట్రాన్స్‌సీవర్ (పంపేదీ, అందుకునేదీ ఒకటే అయిన సెట్) నమూనా తయారుచేశారు. 14 మెగాహెర్ట్జ్ మీద 6 వాట్లతో పనిచేసే చిన్న సెట్. దాని గొప్ప ఏమిటంటే మన అంగళ్ళలో దొరికే విడిభాగాలతోనే కట్టుకోవచ్చు. తీగ చుట్టడానికి టొరాయిడ్ అనే ప్రత్యేకమైన రింగు కావాలి, అది అప్పట్లో మన దగ్గర సులువుగా దొరికేది కాదు. ఆయన దాని బదులు కుళాయి వాషర్ వాడొచ్చని చూపించారు. డిజైన్‌ను దాచుకోకుండా అందరికీ ఇచ్చేశారు. లక్షలు ఖర్చుపెట్టలేని కుర్రాళ్ళకు అదొక తలుపు తెరిచింది. దేశదేశాల హామ్‌లు దాన్ని కట్టి, మార్చి, మెరుగుపరిచారు. తర్వాత వచ్చిన కిట్లలో చుట్టలను హైదరాబాద్‌లో ఆడవాళ్ళే చేత్తో చుట్టి పంపేవారు. ఆయన మరికొందరితో కలిసి నిలబెట్టిన బంజారాహిల్స్ 'లామకాన్' ఆవరణలో ఒక హామ్ క్లబ్బూ నడుస్తోంది. నాటకాలు, ముషాయిరాలు జరిగేచోటే టీ కప్పుల మధ్య సోల్డరింగ్ ఐరన్లూ వేడెక్కుతుంటాయి.

ఆకాశంలో కూడా మన వాటా ఉంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ సీ6 రాకెట్ 42.5 కిలోల హామ్‌శాట్‌ను మోసుకెళ్ళింది. కేవలం హామ్‌ల కోసం ఇస్రో చేసిన ఉపగ్రహం. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో (సిగ్నల్‌ను అందుకుని తిరిగి పంపే పరికరాల్లో) ఒకటి మనవాళ్ళది, రెండోది విలియం లీజెనార్ అనే డచ్ విద్యార్థి హామ్ చేసినది. అది 2014 జులై దాకా పనిచేసింది. అది తలమీదుగా పోయే కొద్ది నిమిషాల్లో చేతి సెట్‌తోనూ దూరదేశాల వాళ్ళను పలకరించే వీలుండేది.

కబుర్ల విలువ తేలిన రోజు

1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమను ముంచేసినప్పుడు తీగలన్నీ తెగిపోయాయి. అక్కడ ఎంత ఘోరం జరిగిందో బయటి ప్రపంచానికి తెలియడానికే రోజులు పట్టింది. కబురు అందకపోతే సాయం కదలదని తెలుగునేల కన్నా బాగా ఎవరికి తెలుసు? తర్వాతి దశాబ్దాల్లో 1999 ఒడిశా పెను తుపానులో, 2001 భుజ్ భూకంపంలో హామ్‌లు రిగ్‌లు భుజాన వేసుకుని వెళ్ళారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కకావికలం చేసి సెల్ టవర్లను మూగబోయేలా చేసినప్పుడు మళ్ళీ వాళ్ళే కలెక్టర్ల కార్యాలయాల్లో బల్లలు వేసుకుని కూర్చున్నారు.

అన్నింటిలో ఎక్కువగా చెప్పుకోవాల్సింది 2004 అండమాన్. అక్కడి నుంచి 1987 తర్వాత హామ్ ప్రసారం జరగలేదు. ప్రపంచంలో ఎన్ని దేశాలతో, ఎన్ని దీవులతో మాట్లాడామని లెక్కపెట్టుకునే డీఎక్స్ వేటగాళ్ళకు అండమాన్ దొరకని పండు. ఎంతో కాలం ప్రయత్నించి అనుమతి తెచ్చుకున్న భారతీ ప్రసాద్ (వీయూ2ఆర్‌బీఐ), హైదరాబాద్‌లోని అమెచ్యూర్ రేడియో సంస్థ బృందంతో కలిసి ఆ డిసెంబర్‌లో పోర్ట్‌బ్లెయిర్‌లో యాంటెన్నా ఎత్తారు. లోకమంతా ఆమె కాల్‌సైన్ కోసం వరస కట్టింది. పైకి చూస్తే దీనికన్నా నిష్ప్రయోజనమైన సరదా ఇంకోటి ఉండదు. మీ సిగ్నల్ అందింది, ధన్యవాదాలు, తర్వాత ఎవరు? రోజుకు వేలసార్లు ఇదే మాట.

డిసెంబర్ 26 ఉదయం ఆరున్నరకు ఆమె గాలిలో ఉండగానే హోటల్ గది ఊగింది. భూమి కంపిస్తోందని చెప్పి బయటికి పరుగెత్తారు. సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి, కరెంటు పోయింది. ఆమె మళ్ళీ స్టేషన్ నిలబెట్టి, సరదా కట్టిపెట్టి, అధికార యంత్రాంగానికి కబుర్లు అందించడం మొదలుపెట్టారు. బృందంలో కొందరు రిగ్, బ్యాటరీలతో కార్ నికోబార్ వెళ్ళి అక్కడొక స్టేషన్ తెరిచారు. ద్వీపాల్లో తమవాళ్ళు బతికే ఉన్నారో లేదోనని తల్లడిల్లుతున్న ఇళ్ళకు మెయిన్‌ల్యాండ్ హామ్‌లు ఫోన్లు చేసి క్షేమ సమాచారం చెప్పారు.

అది అదృష్టం అనిపిస్తుంది కానీ పూర్తిగా కాదు. అక్కడ యంత్రం ఉండటం ఒక ఎత్తు. ఆ ఉదయం పోర్ట్‌బ్లెయిర్ వైపు వేల చెవులు ఒగ్గి ఉండటం ఇంకో ఎత్తు. ఆ చెవులను అక్కడికి చేర్చింది విపత్తు ప్రణాళిక కాదు, డీఎక్స్ పిచ్చి. నెట్ కంట్రోల్ ఎలా నడపాలో, ఎవరి గొంతు ఎవరిదో, ఎవరి మాట నమ్మొచ్చో వాళ్ళకు ముందే తెలుసు. రోజూ వాన గురించీ రిగ్ గురించీ మాట్లాడుకున్న మాటల ఫలితం అది.

ఇప్పుడు

క్లబ్బుల్లో మర్యాద ఒకటుంది. హోదా ఇంటి దగ్గర వదిలి రావాలి. జోర్డాన్ రాజు హుస్సేన్ గాలిలోకి వచ్చినప్పుడు జేవై1 హుస్సేన్, అంతే. చనిపోయిన సభ్యుణ్ణి సైలెంట్ కీ అంటారు. ఆ రోజు నెట్‌లో అతని కాల్‌సైన్ పిలిచి, కాసేపు ఆగి, తర్వాతి వారికి వెళ్తారు.

సెల్‌ఫోన్ వచ్చాక ఈ గొడవంతా ఎందుకన్న ప్రశ్న ఎప్పటిదో. కొత్త ప్రశ్న వేరు. నోబెల్ భౌతిక శాస్త్రవేత్త జో టేలర్ మరో మిత్రుడితో కలిసి 2017లో తెచ్చిన ఎఫ్‌టీ8 పద్ధతిలో కంప్యూటర్లే సిగ్నళ్ళు మార్చుకుంటాయి, చెవికి వినపడనంత బలహీనమైన సిగ్నల్ కూడా పట్టుకుంటాయి. దేశాల లెక్క గబగబా పెరుగుతుంది, అవతలి మనిషి పేరు కూడా తెలియదు. అపార్ట్‌మెంట్లలో యాంటెన్నాకు సంఘం ఒప్పుకోదు. పిల్లలకు ట్యూషన్ల మధ్య ఆదివారం మిగలదు. మనదేశంలో పన్నెండేళ్ళు నిండితే చాలు పరీక్ష రాయొచ్చు, రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కైతే మోర్స్ కూడా అక్కర్లేదు. ఆ అర్హత ఉన్న పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

జిల్లాకో శాటిలైట్ ఫోన్ కొనడం ప్రభుత్వానికి పెద్ద పని కాదు. దాన్ని చేతపట్టుకుని, చీకట్లో, బ్యాటరీ అయిపోవస్తుంటే, అవతలివాడి గొంతు గుర్తుపట్టి, ముందు ఏ కబురు పంపాలో తేల్చుకునే మనిషిని మాత్రం టెండరు పిలిచి తెచ్చుకోలేం. అలాంటి మనిషి నెలకో ఆదివారం చొప్పున ఏళ్ళ తరబడి తయారవుతాడు. సముద్రం పక్కన బతికే రాష్ట్రంలో ప్రతి ఇంజినీరింగ్ కాలేజీకీ, జిల్లా కేంద్రానికీ ఒక రేడియో క్లబ్బు ఉండాలనడం సరదా కోసం చెప్పే మాట కాదు. తుపాను జాగ్రత్తల్లో అన్నింటికన్నా చవకైనది ఇదే. చేయాల్సిందల్లా ఆ కుర్రాళ్ళకు ఓ గది, డాబా మీద ఇరవై మీటర్ల చోటు ఇవ్వడమే. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.